పాటల గది తలుపు

మా అమ్మకు గుసగుసలాడటం రాదు. ఇప్పటికీ రాదు. ఒకసారి ఆసుపత్రిలో పక్క మంచం మీది ఆవిడ గురించి నా చెవిలో రహస్యం చెప్పబోతే, ఆ ఆవిడే లేచి కూర్చుని "కాదమ్మా, పారిపోయింది మా చిన్నకోడలు, పెద్దకోడలు కాదు" అని సరిదిద్దింది. పెళ్ళిళ్ళకు వెళ్తే అమ్మను మగపెళ్ళివారికి ఎంత దూరంగా కూర్చోబెట్టినా, వాళ్ళ వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందన్న సంగతి వాళ్ళ విస్తళ్ళ దాకా నడిచి వెళ్తుంది. మొదట్లో నాకు సిగ్గేసేది. ఇప్పుడు ఆ గొంతు గురించి ఎవరైనా మూతి విరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ గొంతే లేకపోతే మా వదిన చదువు ఏడో తరగతిలో ఆగిపోయేది, ఒక పెద్దమనిషి చేసిన పాడుపని నాలుగు గోడల మధ్య సర్దుబాటైపోయేది.

తప్పు అమ్మది కాదు, సాంచాలది. తెలంగాణ నుంచి సూరత్‌కు బతకడానికి వచ్చిన నేతవాళ్ళం మేం. ఉధ్నాలో వరసగా ఉండే అద్దె గదుల్లో ఒకటి మాది, పక్కది మా మేనత్తది. గదుల వెనకే కార్ఖానా. అందులో కరెంటు మగ్గాలు, మా భాషలో సాంచాలు, రాత్రనక పగలనక ఆడుతుండేవి. నాన్న, మామ సాంచాలు నడిపేవాళ్ళు. అమ్మ, అత్త అదే షెడ్డులో ఒక మూల కండెలు చుట్టే మిషన్ల ముందు కూర్చునేవాళ్ళు. ఆ మోతలో పక్కన పిడుగు పడినా వినపడదు. కాబట్టి అక్కడ ఎవరూ చెవులతో వినరు. ఎదుటి మనిషి పెదవులు చూసి వింటారు. షెడ్డు ఆ చివర మేస్త్రీ పెదవి కదిలితే ఈ చివర అమ్మకు అర్థమయ్యేది.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. విన్న మాటను వెంటనే గట్టిగా తిరిగి పలకాలి. "చాయ్ తెమ్మన్నవు." "నాలుగో సాంచా ఆపమన్నవు." తిరిగి పలికితేనే విన్నట్టు, ఒప్పుకున్నట్టు. తర్వాత గొడవొస్తే పంచాయతీ అంతా ఒకటే ప్రశ్న మీద నడిచేది: నువ్వు తిరిగి పలికినవా, లేదా? పలికితే ఇక తప్పించుకోవడానికి లేదు. ఈ అలవాటు ఇంటికి కూడా వచ్చేది. నాన్న "అన్నం పెట్టు" అంటే, అమ్మ "అన్నం పెట్టాల్నట!" అని వాడంతా వినేలా ప్రకటించి మరీ పెట్టేది. ఎవరింట్లో ఎప్పుడు అన్నం తింటున్నారో మా వాడలో అందరికీ తెలుసు.

అత్త కూతురు నాకంటే ఏడాది పెద్దది. వరసకు వదిన. నాకు అన్న లేడు కనుక ఆ వరసతో ఎవరికీ ప్రమాదం లేదు, అందుకే రోజంతా "వదినా, వదినా" అని వెంటపడి ఏడిపించేదాన్ని. ఆమె కూడా ఊరుకునేది కాదు. నా జడకు దారపు కండె కట్టి బడికి పంపిన ఘనురాలు. ఇద్దరం నవ్వడం మొదలుపెడితే ఆపడం మా వల్ల అయ్యేది కాదు. "నవ్వు నాలుగు విధాల చేటు" అని అత్త తిట్టేది. ఆ నాలుగూ ఏమిటో చెప్పమంటే చెప్పలేక తనూ నవ్వేది.

మేం వెళ్ళే బడి సిస్టర్లది. ఫీజు తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ అని మా వాళ్ళంతా అక్కడే చేర్పించేవాళ్ళు. బడి ఆవరణలోనే చిన్న చర్చి ఉండేది. పిల్లల్లో క్రైస్తవులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిగిలినవాళ్ళం తెలుగువాళ్ళం, ఒరియావాళ్ళం, బీహారువాళ్ళం, అంతా సాంచాల పిల్లలం. అయినా క్రిస్మస్ మా అందరి సొత్తు. బతుకమ్మ పేర్చిన చేతులతోనే డిసెంబర్ వచ్చేసరికి పశువుల పాక కట్టేవాళ్ళం. గొర్రె వేషం కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఇక పాటల సంగతి చెప్పనక్కర్లేదు. మెల్లగా పాడమంటే మాకు అర్థమయ్యేది కాదు. మేం పాడుతుంటే చర్చి కప్పు మీది పావురాలు ఉధ్నా స్టేషన్ వైపు వెళ్ళిపోయేవి.

మా అందరిలో వదిన గొంతు ఒక్కటే వేరు. సాంచాల పక్కన పుట్టి పెరిగి అంత సన్నని గొంతు ఎలా దాచుకుందో తెలియదు. పొద్దున కుళాయి దగ్గర బిందె నిండేదాకా పాడేది. మా మామ నైటు డ్యూటీ దిగి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా ఎదురుగా అరుగు మీద కూర్చునేవాడు. ఆయన చెవులు అప్పటికే సగం పోయాయి. పాట వినపడేదో లేదో గాని, బిడ్డ పెదవుల వంక చూస్తూ తల ఊపేవాడు. మామ మంచివాడే, కాని ఒకటే పట్టు. ఆడపిల్లకు ఏడో తరగతి చాలు. వంక దొరికితే బడి మాన్పించి ఊళ్ళో నాయనమ్మ దగ్గరికి పంపాలని చూస్తుండేవాడు. అప్పుడు వదిన చదువుతున్నది ఏడో తరగతే.

ప్లేగు భయానికి సూరత్ ఖాళీ అయి మళ్ళీ నిండిన తర్వాతి సంవత్సరం అది. చర్చికి ఒక కొత్త ఫాదర్ వచ్చాడు. హార్మోనియం వాయించేవాడు, చాక్లెట్లు పంచేవాడు. మేం ఆయన్ను పాటల ఫాదర్ అనేవాళ్ళం. అందరికీ నచ్చాడు. నాకూ నచ్చాడు. క్రిస్మస్ నాటకంలో బాలయేసుకు ఊయల పాట పాడటానికి వదినను ఎంచుకున్నాడు. మా గోలలో ఆ అమ్మాయి గొంతు చెడుతుందని, పాటల గదిలో తలుపు వేసి విడిగా నేర్పిస్తానన్నాడు. అత్త ఆ సంబరంలో వాడంతటికీ బెల్లం పంచింది.

వారం తిరక్కుండానే కుళాయి దగ్గర పాట ఆగిపోయింది. గొంతు నొప్పేమోనని అత్త మిరియాల పాలు తాగించింది. నేను ఎన్ని కోతి చేష్టలు చేసినా వదిన నవ్వలేదు. నాకు చెడ్డ కోపం వచ్చింది. పెద్ద పాత్ర దొరికిందని టెక్కు చూపిస్తోందని అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం అమ్మకూ అత్తకూ అన్నం క్యారియర్లు పట్టుకుని ఇద్దరం షెడ్డుకు వెళ్ళాం. నేను చెయ్యి పట్టి ఆపి, "ఏందే నీ నఖరాలు? నాతోని మాట్లాడవా?" అని అరిచాను. ఆ మోతలో అరవక తప్పదు.

ఆమె అటూ ఇటూ చూసింది. సూరత్ మొత్తం మీద మాకు రహస్యం చెప్పుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "గా ఫాదరు తలుపుకు గడియ పెడుతుండు. దగ్గరికి గుంజుకుంటుండు. నాకు భయమైతుంది. ఇంట్ల చెప్తే బడి మాన్పిస్తరు, నిన్నే తప్పు పడతరు అన్నడు. నేను పాడ. ఇగ నేను పాడ."

సాంచాల మోతలో తన మాట ఎవరూ వినరనుకుంది. కాని అక్కడ ఎవరూ చెవులతో వినరన్న సంగతి ఆ భయంలో మరిచిపోయింది. షెడ్డు ఆ చివర కండెల మిషన్ ఒకటి ఆగింది. పని మధ్యలో అమ్మ మిషన్ ఆపడం నేను అంతకు ముందు చూడలేదు. అమ్మ నడుచుకుంటూ వచ్చింది. జుట్టునిండా దూది. మేం బిక్కచచ్చిపోయి నిలబడ్డాం. అమ్మ వదిన గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, గొంతు బయటికి రానీయకుండా పెదవులతో మాత్రమే చెప్పింది.

"తప్పు నీది కాదు బిడ్డా."

అమ్మ జీవితంలో గుట్టుగా చెప్పిన మాట అదొక్కటే. వదిన గట్టిగా తిరిగి పలికింది, "తప్పు నాది కాదన్నవు." పలికి భోరుమంది. నేనూ భోరుమన్నాను. ఎందుకో సరిగ్గా తెలియకపోయినా, ఆమెను టెక్కులాడి అనుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది. అత్త కూడా వచ్చి, సంగతి తెలిసి, ముందు ఏడ్చి, తర్వాత క్యారియర్ మూత విసిరికొట్టింది. అది దొర్లుకుంటూ మేస్త్రీ కాళ్ళ దగ్గరికి పోయింది.

ఆ దూది జుట్టుతోనే అమ్మ పెద్ద సిస్టర్ దగ్గరికి బయలుదేరింది. బడికి పెద్ద ఆవిడ, పొడగరి, కేరళ మనిషి. ఆవిడను చూస్తే నాకు చచ్చేంత భయం. లోపల కేకలు వినిపిస్తాయని నేను కిటికీ కింద కాచుకుని కూర్చున్నాను. అమ్మ కేకలు వినిపించాయి, అవి మామూలే. సిస్టర్ మాత్రం మొదట "నిజమేనా?" అని అడగలేదు. "పిల్ల ఇప్పుడు ఎక్కడుంది? అన్నం తిన్నదా?" అని అడిగింది. ఆ రెండు ప్రశ్నలకు నేను ఆ సిస్టర్‌ను ఈనాటికీ మరచిపోలేదు. తర్వాత లేచి వెళ్ళి పాటల గది తాళంచెవి ఆ ఫాదర్ చేతిలోంచి తీసుకుంది. బిషప్ గారి ఆఫీసుకు ఫోన్ చేసింది. సాయంత్రానికి ఆ ఫాదర్ సంచి సర్దుకుని రైలెక్కాడు. ఎందుకు వెళ్ళాడో ఎవరికీ తెలియలేదు. జ్వరమని కొందరు, వాళ్ళమ్మకు బాగాలేదని కొందరు అనుకున్నారు.

ఇంట్లో అమ్మా అత్తా ఒక మాట అనుకున్నారు: మామకు తెలియకూడదు. తెలిస్తే మరునాడే వదిన ఊరి బండి ఎక్కడం ఖాయం. ఎవడో చేసిన పాపానికి చదువు పోయేది పిల్లదా అని అమ్మ ఆవేశపడిపోయేది. ఆవేశపడినప్పుడల్లా అత్త ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. నాన్నతో చిక్కే లేదు. ఆయన నైటు డ్యూటీ మనిషి, ఈ కథ మొత్తం నిద్రపోతూనే ఉన్నాడు.

కొన్నాళ్ళకు బిషప్ గారి దగ్గర్నుంచి ఒక పెద్ద ఫాదర్ విచారణకు వచ్చాడు. తెల్లజుట్టు, కళ్ళజోడు, అలిసిపోయిన మొహం. ఆ రోజే బడి వరండాలో మా వాడ ఆడవాళ్ళంతా కూర్చుని దేవదూతల గౌన్లు కుడుతున్నారు. చీరల మిల్లుల్లో కత్తిరించి పారేసిన తెల్లటి చిందీ ముక్కలతో రెక్కలు చేస్తున్నారు. నేను, వదిన సూదుల్లో దారాలు ఎక్కిస్తున్నాం. మామకు ఆ పూట సెలవు. మా వాడ నుంచి వచ్చిన ఒకే ఒక్క మగవాడు కాబట్టి, వెదురు బద్దలతో చేసిన పెద్ద చుక్కను, అంటే క్రిస్మస్ నక్షత్రాన్ని, పైన కట్టే పని ఆయనకు పడింది. నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఆయన నిచ్చెన ఆనించిన గోడ పెద్ద సిస్టర్ గదిదే. ఆయన తల దగ్గరే ఆ గది పైకిటికీ ఉంది.

పెద్ద ఫాదర్, పెద్ద సిస్టర్, అమ్మ, అత్త లోపలికి వెళ్ళారు. వదినను పిలవబోతే సిస్టర్ ఒప్పుకోలేదు. పిల్ల చెప్పింది తాను ముందే విన్నానని, పదేపదే నిలబెట్టి చెప్పించడం కుదరదని ఖండితంగా అంది. గుట్టుగా ఉండాలని తలుపు వేసుకున్నారు. పాపం, పెద్ద ఫాదర్‌కు మా వాళ్ళ సంగతి తెలియదు. ఆయన హిందీలో చాలా మెల్లగా మాట్లాడాడు. అమ్మ విన్న ప్రతి ముక్కనూ అలవాటు కొద్దీ తిరిగి పలికింది. అత్తకు అర్థం కావాలని తెలుగులో పలికింది. వరండా అంతా వినపడేలా పలికింది.

"జరిగినదానికి శానా బాధపడుతుండట!"

వరండాలో సూదులు ఆగాయి.

"గా పాటల ఫాదర్‌ను ఇంకో ఊరి చర్చికి బదిలీ చేస్తరట!"

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఈ మాట నాలుగు గోడలు దాటొద్దట!"

నాకు ఫక్కున నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఎన్నో రోజుల తర్వాత వదినకూ వచ్చింది. చేతిలో ఉన్న దేవదూత రెక్క నోట్లో కుక్కుకుంది. ఇందులో నవ్వేముందని మీరు అడగవచ్చు. ఏమీ లేదు. కాని అన్నాళ్ళూ బిగదీసుకుని ఉన్న పిల్లలం, నవ్వు దానంతట అదే తన్నుకొచ్చింది.

లోపల అత్త గొంతు లేచింది. అత్త గొంతు కూడా ఏం తక్కువ కాదు. "బదిలీనా? నాడె పగిలి దారాలు తెంపుతుంటే, దాన్ని తీసి పక్క సాంచాల పెడతరా అయ్యా? ఆ ఊర్ల పిల్లలు పిల్లలు కారా?" నాడె అంటే సాంచాలో దారాన్ని అటూ ఇటూ మోసే కొయ్య. అమ్మ ఆ మాటలను హిందీలోకి మార్చి ఇంకో స్థాయిలో అరిచింది. తర్వాత పెద్ద ఫాదర్ చిన్నగా ఏదో అడిగాడు. అమ్మ పలికింది.

"పిల్ల తండ్రికి తెలుసా అని అడుగుతుండు!"

వెంటనే తనే జవాబు చెప్పింది. ఇది రహస్యమని గుర్తొచ్చి గుసగుసగా చెప్పాననే అమ్మ ఈనాటికీ వాదిస్తుంది. "తెలుస్తే బడి మాన్పిస్తడని చెప్పలే అయ్యా. గాయన గీడనే ఉన్నడు. నిచ్చెనెక్కి మీ చుక్క కడుతుండు!"

మామకు అది వినపడలేదు. బదిలీ మాట దగ్గర్నుంచీ ఆయన పైకిటికీలోంచి అమ్మ పెదవులే చూస్తున్నాడు. చూసి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, నిచ్చెన మీదినుంచే గట్టిగా తిరిగి పలికాడు.

"తండ్రి నిచ్చెనెక్కి చుక్క కడుతుండన్నవు!"

పలికిన తర్వాత ఆయనకు అర్థమైంది. చుక్క చేతిలోంచి జారి, ఒక తాడుకు పక్కకు ఒరిగి వేలాడింది. వదిన నవ్వు పోయింది. నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు నొప్పి పుట్టేలా పట్టుకుంది. మామ ఒక్కో మెట్టూ దిగి మా వైపు వచ్చాడు. వరండాలో ఆడవాళ్ళంతా లేచి మాకు అడ్డంగా నిలబడ్డారు. అందరి ఒళ్ళోంచి తెల్ల ముక్కలు రాలాయి.

"ఏ పిల్ల?" అన్నాడు మామ.

"నా పిల్ల" అంది మూలింటి ఆవిడ. ఆవిడకున్నది ఒక్కగానొక్క కొడుకు, గొర్రె వేషంవాడు.

"కాదు, నా పిల్ల" అంది ఇంకొకామె.

"నా పిల్లనే అనుకో తమ్మీ" అంది మా వాడ ముసలమ్మ. ఆమెకు పిల్లలే లేరు.

మామ అందరి మొహాలూ చూశాడు. "చుక్క కడుతున్నది నేనొక్కన్నే గద అక్కా" అన్నాడు.

ముసలమ్మ ముక్కు చీదుకుంది. మామ ఆడవాళ్ళ మధ్యలోంచి తోవ చేసుకుని వచ్చి వదిన ముందు గొంతుక్కూర్చున్నాడు. కొడతాడేమోనని నేను కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. "కుళాయి కాడ పాట గందుకే బంద్ చేసినవా బిడ్డా? నా చెవులే పూర్తిగ పోయినయని అనుకున్న" అన్నాడు. నాకు మామంటే ఉన్న భయమంతా ఆ క్షణంలోనే పోయింది.

ఆయన లేచి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. ఈసారి తలుపు ఎవరూ వెయ్యలేదు. మేమంతా గుమ్మంలో మూగాం. మామ హిందీలో అడిగాడు, "అయ్యా, ఆ పిల్ల నా బిడ్డ. గాయనను ఏ ఊరికి పంపుతరు? ఆ ఊర్ల పిల్లలు ఉంటరా?"

పెద్ద ఫాదర్ కళ్ళజోడు తీశాడు. "ఉంటారు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, అది నాకు నచ్చింది. "నేను ఇదివరకు ఇలాంటివి బదిలీతోనే సర్దేశాను. తప్పు చేశాను. ఈసారి సర్దను. అతన్ని పిల్లలున్న ఏ చోటికీ పంపకూడదని బిషప్ గారితో నేనే చెబుతాను. మీరు పోలీసు దగ్గరికి వెళ్తానంటే అడ్డం రాను. మీ పక్కన నడుస్తాను" అన్నాడు.

"బదిలీ లేదట!" అని అమ్మ గుమ్మంలో ఉన్న మాకు ప్రకటించింది. మేం ఆయనకు రెండడుగుల దూరంలోనే ఉన్నాం, అంతా విన్నాం, అయినా ప్రకటించింది. "పోలీసు కాడికి తోడస్తడట!" వరండాలో ముసలమ్మ చప్పట్లు కొట్టింది. ఆమెను చూసి అందరం కొట్టాం. పెద్ద సిస్టర్ కూడా కొట్టింది, తర్వాత తనే నాలుక కరుచుకుంది.

మామ, పెద్ద ఫాదర్ పోలీసు చౌకీకి కలిసే వెళ్ళారు. అక్కడ ఏం జరిగిందో మా పిల్లల దాకా రాలేదు. పాటల ఫాదర్‌ను మళ్ళీ ఏ బడికీ ఏ చర్చికీ పంపలేదని మాత్రం తెలుసు. ఎలా తెలుసంటే, పెద్ద సిస్టర్ క్రిస్మస్ వచ్చినప్పుడల్లా బిషప్ ఆఫీసుకు ఫోన్ చేసి, "ఆయన ఎక్కడున్నారు? దగ్గర్లో పిల్లలు ఉన్నారా?" అని అడిగి, అమ్మను పిలిపించి చెప్పేది. అమ్మ వాడకు చెప్పేది. వాడలో ఒకరిద్దరు వదిన గురించి నోరు పారేసుకోకపోలేదు. వాళ్ళ సంగతి అత్త చూసుకుంది. ఎలా చూసుకుందో ఇక్కడ రాస్తే అచ్చు వెయ్యరు.

ఇప్పుడు ఇలాంటి వాటికి కమిటీలున్నాయట, రాతపూర్వకమైన నియమాలున్నాయట. ఉండాల్సిందే. మాకు అప్పుడు ఉన్నది మామ జేబులోని పేచ్‌కస్, మరలు విప్పే స్క్రూడ్రైవర్. మరునాడు బడికి వచ్చి, పాటల గది తలుపు బందులు విప్పడం మొదలుపెట్టాడు. పెద్ద సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. ఆపుతుందనుకున్నాం. స్టూలు పట్టుకుని నిలబడింది. తలుపు ఊడి వస్తుంటే పిల్లలంతా పెళ్ళి ఊరేగింపు చూసినట్టు కేరింతలు కొట్టారు. ఆ రోజు నుంచి ఏ గదిలోనైనా పిల్లలుంటే తలుపు తెరిచే ఉండాలని, ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలని, "ఇంట్లో చెప్పొద్దు" అని ఎవరైనా అంటే ఆ మాటే ముందు ఇంట్లో చెప్పాలని సిస్టర్ ప్రార్థనలో చెప్పింది. చెప్పి తిరిగి పలకమంది. మేం పలికాం. రోడ్డు మీద ఆటోలు ఆగాయి.

అంతా బాగానే ఉంది గాని, వదిన బడి సంగతి మామ తేల్చలేదు. అత్త అడిగితే "పండుగ కానియ్, చూద్దం" అనేవాడు. ఊళ్ళో నాయనమ్మకు కబురు పెట్టాడని కూడా విన్నాం. అమ్మ అడిగితే, "చెల్లే, నాకు భయమైతున్నది" అన్నాడట. భయపడే మనిషితో పోట్లాడటం అమ్మకు చేతకాదు. తిరిగొచ్చేసింది. నేనూ వదినా కోపం పట్టలేక, గొర్రె వేషంవాడి తోక కత్తిరించేశాం.

క్రిస్మస్ సాయంత్రం ఆవరణ నిండిపోయింది. స్టేజీకి చెక్కలు చాలకపోతే, గోడకు ఆనించి ఉన్న పాటల గది తలుపును నాలుగు రంగు డ్రమ్ముల మీద పరిచారు. దాని మీద ఎర్రగుడ్డ కప్పారు. పైన చుక్క ఇంకా ఒరిగే ఉంది, మామ తర్వాత కట్టనేలేదు, ఎవరూ గుర్తు చెయ్యలేదు. జనం గోల, మైకు కీచులాట, తోకలేని గొర్రె ఏడుపు. మామ మొదటి వరసలో నేల మీద కూర్చున్నాడు. వదిన నీలం ముసుగు వేసుకుని, ఒళ్ళో బొమ్మతో ఆ తలుపు మీదికి ఎక్కింది. నేను దేవదూతను, పక్కనే ఉన్నాను. నా రెక్క ఒకటి అప్పటికే ఊడిపోయింది.

హార్మోనియం దగ్గర సిస్టర్ సైగ చేసింది. వదిన పాడలేదు. ముందుకు వంగి, అంత గోలలో, తండ్రి కళ్ళలోకి చూస్తూ పెదవులు కదిపింది. గొంతు లేదు, ఉత్త పెదవులే. పక్కనున్న నాకు తప్ప ఎవరికీ తెలియలేదు.

"నేను బడికి పోతనే ఉంట."

మామ నోరు దానంతట అదే తెరుచుకుంది. ఇరవై ఏళ్ళ సాంచాల అలవాటు అది, ఆగమంటే ఆగదు.

"బడికి పోతనే ఉంటనన్నవు!"

మైకు కంటే గట్టిగా వచ్చింది. ఆవరణంతా ఒక్కసారి ఆయన వైపు తిరిగింది. మామ చేత్తో నోరు మూసుకున్నాడు, కాని అప్పటికే ఆలస్యమైపోయింది. మా వాడవాళ్ళంతా అక్కడే ఉన్నారు, అందరూ విన్నారు. వెనక వరసలోంచి అమ్మ లేచి నిలబడింది. "తిరిగి పలికినవ్ అన్నా! ఇగ ముచ్చటే లేదు!" అని కేక పెట్టింది. జనం గొల్లున నవ్వారు. నేను నవ్వి నవ్వి ఉన్న ఒక్క రెక్కా ఊడగొట్టుకున్నాను. మామ చుట్టూ చూసి, తల గోక్కుని, తనూ నవ్వేశాడు. నవ్వుతూనే కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

అప్పుడు వదిన ఆ తలుపు మీద కాళ్ళు సరిగ్గా ఆనించుకుని పాట ఎత్తుకుంది.